నేథన్ పైక్‌కి నేనిచ్చిన ముగింపు

మొన్న మన తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "అన్నయ్యగారూ, మా అమ్మాయి కంప్యూటర్లు మానేసి హిస్టరీ చదివింది. ఇప్పుడేమో మ్యూజియంలో గైడ్‌గా చేరుతుందట. మీరైనా కాస్త చెప్పండి" అంది. ఆవిడ గొంతు వింటే పిల్ల జైలుకెళ్ళిందేమో అనిపించింది.

"చేరనివ్వండమ్మా. ఇరవై రెండేళ్ళు అదే ఉద్యోగం చేశాను. ఏమైంది నాకు?" అన్నాను.

ఆవిడ పార్కింగ్‌లో ఉన్న నా కారు వంక చూసింది.

ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. తెలుగు చదవడం రాకపోతే మీ అమ్మ చేత చదివించుకో తల్లీ. జీతం సంగతి ఇందులో రాయను, కాబట్టి ఆవిడ భయం లేకుండా చదవొచ్చు.

నా చదువు, నా అర్హతలు

తొమ్మిదో తరగతిలో లెక్కల మాస్టారికి, నాకు ఒక ఒప్పందం కుదిరింది: నేను బడికి రాను, ఆయన నన్ను కొట్టరు. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. గుడివాడలో సినిమా బండి ఎక్కాను. బండి అంటే రిక్షాకి రెండు పక్కలా పోస్టర్లు, వెనక బ్యాటరీ, చేతిలో మైకు. వీధి వీధీ తిరిగి కొత్త సినిమా గురించి అరవాలి.

ఇక్కడో రహస్యం చెప్పాలి. ఆ సినిమాలు నేను చూసేవాణ్ణి కాదు. చూసి అరవాలంటే బండి సాయంత్రానికి గాని కదలదు. అందుకని ఏ వీధిలోకి వెళ్తే ఆ వీధికి తగ్గ సినిమా చెప్పేవాణ్ణి. కంసాలి వీధిలో 'నగల దొంగతనం, చూసి తీరవలసిన దృశ్యం'. వైద్యుడి ఇంటి ముందు 'తల్లి ఆపరేషన్ సీను, కన్నీళ్ళు ఆగవు'. జనం వచ్చేవాళ్ళు. సినిమాలో నగల దొంగతనం లేకపోతే, బహుశా తాము నిద్రపోయినప్పుడు వచ్చి ఉంటుందిలే అనుకునేవాళ్ళు.

అక్క స్పాన్సర్ చేస్తే అమెరికా వచ్చాను. మేరీలాండ్‌లో ఒక హోటల్లో పొద్దున్నే బ్రేక్‌ఫాస్ట్ పెట్టే పని. అక్కడికి మీటింగులకి వచ్చే ఒకావిడ, పేరు డయాన్, నేను గుడ్ల దగ్గర నిలబడి వేసే జోకులు రెండేళ్ళు విని, మూడో ఏడు "వెంకీ, నువ్వు గుడ్లు వేయడానికి పుట్టలేదు" అంది. ఆవిడ ఆ పక్కనే వాగు ఒడ్డున ఉన్న పాత బంగళాకి డైరెక్టరు. పొగాకు తోటల కాలం నాటి ఇల్లు. ఇప్పుడు మ్యూజియం. నన్ను టికెట్ల కిటికీలో కూర్చోబెట్టింది. ఆర్నెల్లకి ఒక గైడ్ మోకాలు విరగ్గొట్టుకుంటే, ఆయన కోటు నాకు తొడిగారు.

వాడి కథ, తెలిసినంత

ఆ కోటు నేథన్ పైక్‌ది. అంటే వాడి వేషానిది.

నేథన్ లండన్‌లో ఒక బట్టల కొట్టులో మూటలు మోసేవాడు. ఇరవై మూడేళ్ళు. ఒక తాను సిల్కు ఎత్తుకుపోతూ దొరికాడు. జడ్జి ఏడేళ్ళు సముద్రం అవతలికి పంపమన్నాడు. ఆస్ట్రేలియా కాదు, అది తర్వాతి మాట. అమెరికా స్వతంత్రం తెచ్చుకుని తలుపు మూసేశాక గాని ఇంగ్లండుకి ఆస్ట్రేలియా గుర్తు రాలేదు. అంతకుముందు వాళ్ళ దొంగలందరికీ మేరీలాండ్, వర్జీనియాలే దిక్కు.

ఓడ అడుగున గొలుసులతో తెచ్చేవాళ్ళు. రేవులో డెక్కు మీద నిలబెట్టి అమ్మేవాళ్ళు. కొనేవాళ్ళు పళ్ళు చూసేవాళ్ళు, అరచేతులు నొక్కి చూసేవాళ్ళు. అలా చూసి నేథన్‌ని కొన్నది మా బంగళా అప్పటి యజమాని. గడువు తీరకుండా ఇంగ్లండు తిరిగి వెళ్తే ఉరి. ఇక్కడ పారిపోతే, పోయిన ఒక్కో రోజుకి పది రోజులు అదనం.

నేథన్ రెండుసార్లు పారిపోయాడు. మొదటిసారి దొరికాక మెడకి ఇనుప పట్టెడ వేశారు. మన ఆడవాళ్ళ బంగారు పట్టెడ కాదు. వేలెడు మందం ఇనుము, చుట్టూ పైకి లేచిన మూడు కొక్కేలు. రెండోసారి పారిపోయినప్పుడు యజమాని పేపర్లో ప్రకటన వేయించాడు: ఎడమ కన్ను కింద మచ్చ, మెడలో ఇనుము, గొంతు బాగుంటుంది, పాటలు పాడతాడు.

అంతే. ఆ ప్రకటన తర్వాత వాడి గురించి ఒక్క అక్షరం లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకో తల్లీ, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

పట్టెడ, నవ్వులు

మొదట్లో జనానికి నా రంగు అడ్డం వచ్చేది. ఒకాయన సూటిగానే అడిగాడు, "లండన్ దొంగ ఇంత నల్లగా ఉండేవాడా?" అని. "ఏడేళ్ళు పొగాకు తోటలో ఎండలో నిలబడండి సార్, మీరూ మా అన్నలా ఉంటారు" అన్నాను. డయాన్ అవతల గదిలోంచి విని పగలబడి నవ్వింది. నా ఉద్యోగం ఆ నవ్వుతో ఖాయమైంది.

పట్టెడ నమూనా ఒకటి ఉండేది మా దగ్గర, కమ్మరి చేసినది, తాళంతో సహా. టూరు మధ్యలో ఒక మొగుణ్ణి ముందుకి పిలిచి మెడకి తగిలించి తాళం వేసేవాణ్ణి. "అమ్మా, తాళంచెవి మీకివ్వనా, వాగులో పారేయనా?" అని పెళ్ళాన్ని అడిగేవాణ్ణి. ప్రతిసారీ నవ్వులే. ఆ కొక్కేలు ఎందుకని ఎవరైనా అడిగితే, "టోపీలు తగిలించుకోడానికి. పని మనిషికి రెండు చేతులే కదా" అనేవాణ్ణి. ఫోటో తీసేముందు "నవ్వండి!" అని నేనే అరిచేవాణ్ణి.

ఒకసారి మన కుర్రాళ్ళు ఎనిమిదిమంది వచ్చారు, అందరూ సాఫ్ట్‌వేర్. ఒకడు పట్టెడ పెట్టుకుని, "అంకుల్, ఇది మా హెచ్‌వన్ వీసా లాంటిదే. కంపెనీ మారదామంటే మెడకి బిగుసుకుద్ది" అన్నాడు.

"నీకు ఇంటర్వ్యూ చేసింది మేనేజరు, వాడికి జడ్జి" అన్నాను.

"రిజల్ట్ మాత్రం సేమ్ అంకుల్!"

అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. మన బాధ మనకి ఉండొచ్చు, ఎవరి బాధా చిన్నది కాదు. కానీ మెడలో అది పెట్టుకుని సెల్ఫీ దిగినవాడు తీసేసి బిర్యానీకి వెళ్ళాడు.

ఇంకోరకం వాళ్ళు వస్తారు, జాగ్రత్త. వాళ్ళు నేథన్ కథంతా విని, "చూశావా, తెల్లవాళ్ళనీ అమ్మారు, అందరూ ఒకటే" అని తృప్తిగా తలాడిస్తారు. ఆ ఇంటి వెనక గుడిసెల్లో బానిసలుగా ఉన్న నల్లవాళ్ళకి ఏ జడ్జీ ఏడేళ్ళు అనలేదు, వాళ్ళ పిల్లల పిల్లలకి కూడా గడువు లేదు. ఆ మాట చెప్పమని డయాన్ నాకు చెప్పలేదు, వద్దనీ అనలేదు. నేను కొన్నిసార్లు చెప్పాను, కొన్నిసార్లు జనం మొహాలు చూసి మింగేశాను. మింగేసినప్పుడు చప్పట్లు ఎక్కువ వచ్చేవి.

ఒహాయో నుంచి ఎవరైనా ఉన్నారా?

టూరు చివర ఒకే ప్రశ్న అడుగుతారు: "ఆ తర్వాత ఏమయ్యాడు?"

మొదటి వారం "తెలియదు" అన్నాను. జనం మొహాలు వాడిపోయాయి. ఒకావిడ, "అంతేనా?" అంది. సినిమా బండి రక్తం కదా, 'అంతేనా' అన్న మాట నేను తట్టుకోలేను. రెండో వారం నుంచి నేథన్‌కి విడుదల ఇచ్చేశాను. వాగు అవతల నాలుగెకరాలు ఇచ్చాను. పెళ్ళి చేశాను. ఇద్దరు కొడుకుల్ని ఇచ్చాను.

టూరు మొదట్లో ఎవరెవరు ఎక్కడినుంచి వచ్చారో అడిగేవాణ్ణి. చివర్లో రెండో కొడుకుని ఆ ఊరు పంపేవాణ్ణి. టెక్సాస్ వాళ్ళుంటే టెక్సాస్, ఇల్లినాయి వాళ్ళుంటే ఇల్లినాయి. కంసాలి వీధిలో నగలు, వైద్యుడి ముందు ఆపరేషన్. ఆ పిల్లాడు తిరిగినన్ని ఊళ్ళు మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు కూడా తిరగలేదు.

డయాన్‌కి తెలుసు. ఒకసారి అడిగాను కూడా, "ఇది మనం కల్పించిందే కదా, ఫరవాలేదా?" అని.

"వెంకీ, వాళ్ళు రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వస్తున్నారు. ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి వెళ్ళనీ" అంది.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ ఇంటి కప్పు కారకుండా చూసేది ఆవిడే. కానీ ఒక మాట రాసుకో: అబద్ధం చెప్పమని పై అధికారి ఎప్పుడూ చెప్పడు. నువ్వు చెప్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తాడు.

ఒక రోజు టూరులో వాల్టర్ అనే పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఒహాయోలో ట్రక్కుల మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఇంటిపేరు పైక్.

"ఏంటి, మా వాడి చుట్టమా?" అని మొదట్లోనే ఆట పట్టించాను. చివర్లో ఆయన వంక వేలు చూపించి, "నేథన్ రెండో కొడుకు ఒహాయో వెళ్ళాడండోయ్!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. జనం వెళ్ళాక నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళ తాత అనాథ శరణాలయంలో పెరిగాడట. ఆ వెనక ఎవరో ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదట. "మా వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో మొదటిసారి విన్నాను" అన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. నిమిషం పని. "సార్, తమాషాకి అన్నాను" అంటే సరిపోయేది. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

కీర్తన

అయిదేళ్ళ తర్వాత మా మ్యూజియంకి కీర్తన అనే అమ్మాయి వచ్చింది. నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగింది, పాత రికార్డులు వెతకడంలో పెద్ద చదువు చదివింది. ఏడాది కాంట్రాక్టు. నన్ను చూడగానే "అంకుల్" అంది, తన డబ్బాలో పులిహోర సగం నాకు పెట్టింది. జిల్లా కోర్టు పాత పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చునేది.

అదే నెల్లో వాల్టర్ దగ్గరినుంచి ఫోన్. చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని ఒక రాయి చెక్కాడట, సొంత చేత్తో. బంగళా పెరట్లో పెడతానంటాడు. దాని మీద మాటలు: నేథన్ పైక్. సంకెళ్ళతో వచ్చాడు. స్వేచ్ఛగా బతికాడు. డయాన్ సంబరపడిపోయి ముహూర్తం పెట్టేసింది. పేపరు వాళ్ళనీ పిలిచింది.

ఇంకో వారం ఉందనగా కీర్తన నన్ను భోజనాల గదిలో పట్టుకుంది. చేతిలో ఒక కాగితం.

"అంకుల్, మీ నేథన్ దొరికాడు."

"ఎక్కడున్నాడు వెధవ? ఇన్నేళ్ళు నా జీతం తిన్నాడు" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. చదివి వినిపించింది. ప్రకటన వేసిన తొమ్మిదో రోజున వాగులో శవం దొరికింది. పడవ వాళ్ళు చూశారు. ఈదుకుంటూ దాటబోయాడు. నీళ్ళలో పడి ఉన్న చెట్టు కొమ్మకి మెడలో ఇనుము కొక్కెం తగులుకుంది. కొక్కేలు ఎందుకో అప్పుడు తెలిసింది నాకు. పారిపోయేవాడు పొదల్లో, కొమ్మల్లో తగులుకోవాలనే వాటిని అలా చేస్తారు.

కింద చావు విచారణకి కూర్చున్న పెద్దమనుషులు పన్నెండుమంది సంతకాలు. ఎక్కడ పాతిపెట్టారో లేదు. ఆఖరి వాక్యం ఒక్కటే: ఇనుము యజమానికి తిరిగి అప్పగించబడినది.

"మీ ఎండింగ్ అసలు హ్యాపెన్ అవ్వలేదు అంకుల్. నాలుగెకరాలు లేదు. కొడుకులు లేదు. ఆ వాల్టర్ అంకుల్‌కి చెప్పాలి."

"డయాన్‌కి చెప్పావా?"

"చెప్పాను. ఫంక్షన్ అయ్యాక చూద్దాం అంది. అయ్యాక ఏం చూస్తారు? రాయి పెట్టేస్తారు కదా." "మీరు చెప్పండి అంకుల్. మీరు చెప్తే ఆయన వింటారు. నేను చెప్తే నేను విలన్" అంది.

నా దగ్గర కారణం సిద్ధంగా ఉంది. "అమ్మా, నాకు అరవై రెండు. సర్కారు ఇన్సూరెన్స్, ఆ మెడికేర్ రావడానికి ఇంకా మూడేళ్ళుంది. మీ ఆంటీకి గుండె వాల్వ్ మార్చాలంటున్నారు. ఈ ఇన్సూరెన్స్ పోతే ఎలా?" అన్నాను. ప్రతి ముక్కా నిజమే. ఆ బంగళాలో అన్నేళ్ళలో నేను పలికిన పూర్తి నిజం అదొక్కటే. దాన్ని దాక్కోడానికి వాడుకున్నాను.

ఆ పిల్ల నన్ను తిట్టుంటే బాగుండేది. "ఓకే అంకుల్" అని డబ్బా మూత పెట్టేసుకుంది.

రాయి

ఆ రోజు ఎండ బాగా కాసింది. వాల్టర్ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, వెంట కూతురు, మనవలు. రాయి నిజంగా బాగుంది. అక్షరాలు కాస్త వంకర, కానీ లోతుగా చెక్కాడు. కీర్తన వెనక వరసలో నిలబడి ఉంది, కాగితం సంచిలో ఉందని నాకు తెలుసు.

నేను నేథన్ కోటు వేసుకుని కథ చెప్పాను. ఎప్పటికంటే బాగా చెప్పాను. విడుదల, నాలుగెకరాలు, పెళ్ళి, అన్నీ. అయిపోయిందనుకుంటుంటే వాల్టర్ చెయ్యెత్తాడు.

"వెంకీ, ఒక్క మాట. ఒహాయో వచ్చిన ఆ కొడుకు పేరు ఆ రోజు అడగడం మర్చిపోయాను. పేరేమిటి?"

వందమంది నా వంక చూస్తున్నారు. డయాన్ వాగు వంక చూస్తోంది. కీర్తన నా వంకే చూస్తోంది.

"వాల్టర్" అన్నాను.

ఆ ముసలాయన మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. మనవలు వచ్చి వాటేసుకున్నారు. చప్పట్లు అలా మోగుతూనే ఉన్నాయి. వెనక వరసలో చూస్తే కీర్తన లేదు.

ఆ పిల్ల ఊరుకోలేదు. తను చూసిందంతా రాసి మ్యూజియం బోర్డుకి ఇచ్చింది. బోర్డు వాళ్ళు ధన్యవాదాలు చెప్పి ఫైల్లో పెట్టుకున్నారు. ఏడాది అయ్యాక కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం నిధుల కొరత అన్నారు. అదే నెలలో నా కోటుకి కొత్త గుండీలు కుట్టించారు.

మా ఆవిడ ఆపరేషన్ బాగా జరిగింది. అది కూడా రాయాలి. లేకపోతే ఇది సగం నిజమే అవుతుంది.

ప్రతి క్రిస్మస్‌కీ వాల్టర్ దగ్గరినుంచి కార్డు వచ్చేది. అందులో వంశవృక్షం. పైన నేథన్, కింద 'వాల్టర్, ఒహాయో వచ్చినవాడు', ఆ కింద చాలా ఖాళీ, ఆ కింద తాత, తను, పిల్లలు. ఆ ఖాళీలో పేర్లు దొరుకుతాయేమోనని ఆయన లైబ్రరీల చుట్టూ తిరిగాడట. రెండు కార్డులు వచ్చాయి. మూడోది కూతురు రాసింది. నాన్న పోయాడు, అస్థికలు తన వాళ్ళ పక్కన పెట్టమన్నాడు, పెరట్లో ఆ రాయి దగ్గర పెట్టుకోవచ్చా అని.

డయాన్ ఒప్పుకుంది. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. "మంచివాడు" అన్నాను. ఆ రాయి కింద నేథన్ లేడు. వాడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అక్కడ నిజంగా ఉన్నవాడు వాల్టర్ ఒక్కడే. నేను పంపిస్తే వచ్చాడు.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను కాబట్టి వాల్టర్ కూతురు చదవదు. అది లెక్క చూసుకునే రాస్తున్నాను. నా ధైర్యం ఈ పాటిది.

చివరి టూరు

మెడికేర్ కార్డు ఇంటికొచ్చిన నెలలోనే రిటైరయ్యాను. చివరి రోజు పదకొండు గంటల టూరులో పధ్నాలుగు మంది. "ఆ తర్వాత ఏమయ్యాడు?" అని ఎవరో అడిగారు. చెప్పాను. వాగు, కొమ్మ, కొక్కెం, పన్నెండు సంతకాలు. ఆ రాయి మీద రాసింది తప్పనీ, ఆ తప్పు నాదేననీ కూడా చెప్పాను. ఇన్సూరెన్స్ భయం లేనప్పుడు నిజం ఎంత తేలిగ్గా వచ్చిందో చూస్తే నామీద నాకే అసహ్యం వేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుంది. బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ఒకాయన తల గోక్కుని, "అయితే ఆ మెడ పట్టీతో ఫోటో తీసుకోవచ్చా? వెబ్‌సైట్‌లో ఉంది" అన్నాడు.

తగిలించాను. తాళం వేశాను. వాళ్ళావిడ ఫోన్ ఎత్తింది. "నవ్వండి" అని నేను అనలేదు. ఆయన తనంతట తనే నవ్వాడు.

సాయంత్రం కీర్తనకి మెసేజ్ పెట్టాను, ఇవాళ చెప్పేశానని. తను ఇప్పుడు కొలంబస్‌లో ఇళ్ళ పత్రాలు సరిచూసే ఆఫీసులో చేస్తోంది. చాలాసేపటికి జవాబు వచ్చింది: "రాయి ఇంకా ఉందా అంకుల్?"

"ఉంది" అని పెట్టాను.

వెళ్ళేముందు డయాన్ గదికి వెళ్ళాను. టేబుల్ మీద ఒక ఫారం పెట్టుకుని కూర్చుంది, నాకు ఇచ్చిన సామాను పట్టిక. కోటు ఒకటి, టోపీ ఒకటి, బూట్లు ఒక జత. ఒక్కొక్కటీ చదువుతూ టిక్కు పెడుతోంది. చివరి గడి దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"ఇనుప పట్టెడ?"

"అప్పగించాను" అన్నాను.

టిక్కు పెట్టింది.